గేటు పడే మాట

నేను ఇరవై నాలుగో ఏట రిటైరయ్యాను. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు, పింఛను ఊసే లేదు. మా అమ్మ మాత్రం "అయిపోయిందా? ఇగ దుకాణంల కూసో" అంది. దాన్నే వీడ్కోలు ప్రసంగం కింద లెక్కేసుకుని, అప్పటినుంచి కొత్తపేటలోని మా పోచంపల్లి చీరల దుకాణంలో కూర్చునే ఉన్నాను.

పొద్దున పూట చక్రాల బూట్లేసుకుని దుకాణం ముందు నుంచి పోయే మీలాంటి పిల్లలు "అన్నా, నువ్వు నిజంగ మంచు మీద పందెం ఉరికినవా?" అని అడుగుతుంటారు. ఉరికాను. ఎంతసేపు అని మాత్రం అడగకండి. అడిగినవాళ్లకు చీరలు చూపించి పంపేస్తుంటాను. ఇక ఓపిక లేదు కాబట్టి ఒక్కసారి రాసి పడేస్తున్నాను.

ఆ పందెం పేరు స్కీ క్రాస్. నలుగురు మనుషులు కాళ్లకు పొడుగాటి స్కీలు బిగించుకుని మంచుకొండ మీద ఒకే వరసలో నిలబడతారు. ముందున్న చిన్న గేటు పడిపోతుంది. నలుగురూ ఒకేసారి కిందికి దూకి, మంచు దిబ్బల మీద నుంచి ఎగిరి, మలుపుల్లో ఒకరినొకరు రాసుకుంటూ అడుగుకు చేరతారు. మొదటి ఇద్దరు తర్వాతి పందేనికి పోతారు, మిగతా ఇద్దరు డాక్టరు దగ్గరికి పోతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం పూట సిటీ బస్సు ఎక్కిన వాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. మంచు ఒక్కటే తక్కువ.

నాకూ, నాతో స్కేటింగ్ చేసే మరో ముగ్గురికీ ఈ పిచ్చి పట్టించింది మా సార్. ఒక ప్రైవేటు బళ్లో ఆటలు నేర్పేవాడు. నేను ఆయన కింద చిన్నపిల్లలకు స్కేటింగ్ నేర్పేవాడిని. అది నా ఉద్యోగం. పిల్లలు ఇళ్లకు పోయాక నేను రేసర్‌ని. ఈ రాష్ట్రం నుంచి స్కీ క్రాస్‌కు ఎవరూ పోలేదు కాబట్టి పోటీ ఉండదు, పోటీ లేదు కాబట్టి మనలో ఒకడు పోవడం ఖాయం. ఇదీ సార్ లెక్క. సార్ మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. అదీ వాళ్లింటి ఫ్రిజ్ కాదు.

ఆయనకు గురువు ఒక స్విట్జర్లాండ్ ఆటగాడు. ఇద్దరూ ఎన్నడూ కలవలేదు. శిష్యుడికి అది పెద్ద విషయం కాదు, గురువుకు అసలు తెలియదు. స్విస్సాయన వడ్రంగం నేర్చుకున్న మనిషట. చిన్నప్పుడు మామూలు స్కీయింగ్ జట్టులోకి పనికిరాడన్నారట. కాస్త ముదిరాక ఈ నలుగురి పందెంలోకి దిగి, చూస్తుండగానే అందరినీ వెనక్కి నెట్టాడు. తర్వాత ఒకసారి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు, కోయించుకుని మళ్లీ వచ్చాడు. ఈ కథంతా మేము చైతన్యపురి నెట్ సెంటరులో, కోచింగ్ పిల్లలు ఫలితాలు చూసుకునే కంప్యూటర్ల ముందు కూర్చుని తెలుసుకున్నాం. నెట్ నత్తనడక నడిచేది. వీడియో సరిగ్గా ఆయన ఎగిరినప్పుడే ఆగేది. స్విస్సాయన్ను నేల మీద చూసినదానికంటే గాల్లో వేలాడుతుండగా చూసిందే ఎక్కువ. ఆ సందులో సార్ పాఠం చెప్పేవాడు.

"చూసిన్రా? ఈయన బలమంత మొదట్లనే ఉన్నది. గేటు పడ్డంక ఉరికెటోడు కాదు, గేటుతోని ఉరికెటోడు."

"మన దిక్కు గేటు పడ్తె ఆగాలె గద సార్. అటుదిక్కు రైలొస్తది," అన్నాను."

"నీ నోరు ఉరికినట్టు కాళ్లు ఉరికితె, ఈపాటికి నేను నిన్ను సార్ అనెటోణ్ణి."

అసలు ఇబ్బంది అంతా ఆ గేటుతోనే. అది ఎప్పుడు పడుతుందో ఆడేవాడికి చెప్పరు. "అటెన్షన్" అన్నాక ఒక క్షణమో, అంతకంటే కాస్త ఎక్కువో ఆగుతుంది. ఆ ఆగిన కాలంలో ఒళ్లంతా చెవి చేసుకుని ఉండాలి. మా దగ్గర గేటు లేదు, కొండ లేదు, స్కీలు లేవు. చక్రాల బూట్లు ఉన్నాయి, వాటికి తోడు తెలంగాణ ఉద్యమం ఉంది.

ఉద్యమం నాకేమిచ్చిందని ఎవరైనా అడిగితే, ముందు రోడ్డిచ్చిందని చెబుతాను. బంద్ రోజున ఎల్బీనగర్ దాటితే విజయవాడ రోడ్డు అద్దంలా ఖాళీగా ఉండేది. బంద్ అని టీవీలో రాగానే ఊరంతా "మళ్లానా" అని నిట్టూర్చేది. ఆ సంవత్సరాల్లో అలసట ఒక్కటే అందరికీ సమానంగా అందింది. సమ్మె చేసేవాళ్లు అలసిపోయారు, సమ్మె వల్ల నడిచి పోయేవాళ్లు అలసిపోయారు, కాపలా కాసే పోలీసులు కానుగ చెట్ల కింద హెల్మెట్లు పెట్టుకునే కునికేవాళ్లు. మేము మాత్రం చక్రాలకు నూనె రాసుకునేవాళ్లం.

మొదట్లో సార్ ఈల ఊదేవాడు. ఈల వినబడగానే ఉద్యమం పిల్లలు పోలీసులొచ్చారని సందుల్లోకి పారిపోయేవాళ్లు. పోలీసులేమో అవతల ఏదో మొదలైందని లాఠీలతో వచ్చేవాళ్లు. మధ్యలో మేము నలుగురం, నేరం లేకుండా, బ్రేకులు లేకుండా. ఇలా కొన్నిసార్లు అయ్యాక సార్ ఈల జేబులో వేసుకుని, ఆ రోజుల్లో రోడ్డు మీద ఎంత గట్టిగా అరిచినా ఎవరూ తల తిప్పి చూడని మాట ఒకటి ఎంచుకున్నాడు. "జై" అనేవాడు. ఆగేవాడు. ఒక్కోసారి ఊపిరి పీల్చినంతసేపు, ఒక్కోసారి ఆయనకేమైనా అయిందా అని మేము వెనక్కి చూసేంతసేపు. తర్వాత "తెలంగాణ" అనేవాడు. "తె" దగ్గర కాళ్లు కదలాలి. గీత దాటేసి ఉండాలి.

మాలో అందరికంటే ముందు కదిలేవాడు కోస్తావాడు. వాళ్ల నాన్నది తెనాలి దగ్గర ఊరు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద టిఫిన్ సెంటరు నడిపేవాడు. హాస్టల్ పిల్లలు సగం మంది ఆయన పెసరట్టు తినే పరీక్షలు తప్పారు. మావాడు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోనే పుట్టి, నాతోపాటు ఒకే బెంచీ మీద పెరిగాడు. ఒకరినొకరం మామా అనుకునేవాళ్లం. ఇంట్లో వాళ్ల నాన్న మాట, వీధిలో మా మాట రెండూ విని విని వాడి తెలుగు ఎల్బీనగర్ చౌరస్తాలా ఉండేది. ఎటైనా పోవచ్చు.

"నీకు ఎట్లనో అనిపిస్తలేదా మామా, ఆ మాట మీద ఉరుకుడు?" అని ఒకసారి అడిగాను.

"మీకది నినాదం రా. నాకు గేటు."

"మరి ఇంట్ల తెలుసా?"

"ఈల అని చెప్పా."

నా బాధ వేరు. "జై" చెవిన పడగానే నా నోరు దానంతటదే "తెలంగాణ" అనేసేది. కాలేజీ నుంచి ఊరేగింపుల్లో తిరిగి తిరిగి అలా తయారైంది. సార్ పూర్తి చేసేలోపు నేనే పూర్తి చేసి, ఆ తృప్తిలో గీత మీద నిలబడిపోయేవాడిని. నోటి పని ముగిశాకగానీ కాళ్లకు కబురందేది కాదు. మిగతా ఇద్దరు చైతన్యపురి హాస్టల్ కుర్రాళ్లు, కోచింగ్ ఎగ్గొట్టి వచ్చేవాళ్లు. వాళ్లు నాకంటే నయం, మావాడి కంటే తక్కువ.

జాతీయ పోటీలకు మా రాష్ట్రం నుంచి ఒక్కడిని తీసుకుంటారని, ఎంపిక చేయడానికి ఉత్తరాది నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని సార్ ఒకనాడు ప్రకటించాడు. ఆ సాయంత్రం టిఫిన్ సెంటరుకు పోయాను. బయట ఏదో గొడవని షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను. మావాడి నాన్న నడుం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"రావయ్యా. ఈ రెండేళ్లలో షట్టరు ఎత్తడం, దించడం. ఇంతకు మించి నేను చేసిన వ్యాపారం లేదు," అన్నాడు. "ఇంతకీ ఆ మంచు జట్టులో మావాడికి చోటు దొరుకుద్దా?"

"దొరుకుతది అంకుల్. మాల అందరికన్న వాడే ఫాస్టు."

"దొరికితే ఉంచుతా. లేకపోతే బెజవాడలో మా తమ్ముడి దగ్గరికి పంపించేస్తా. హార్డ్‌వేరు కొట్టు ఉంది, నమ్మకమైన మనిషి కావాలంటున్నాడు. ఇక్కడ రేపేమవుద్దో ఎవరికి తెలుసు? మేమంటే పెద్దవాళ్లం, ఇక్కడే పడుంటాం. వాడికేం ఖర్మ?"

ఆయన కోపంగా అనలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. లోపల గిన్నెలు సర్దుతూ అంతా విన్న మావాడు నా వెనకే షట్టరు కింద నుంచి బయటికి దూరి వచ్చాడు.

"బెజవాడలో నాకెవరు తెలుసురా?" అన్నాడు. "సెలవులకు పోతే మా బాబాయి పిల్లలు నన్ను హైదరాబాదోడు అని పిలుస్తారు. పేరుతో కూడా పిలవరు."

"ఇక్కడేమో ఆంధ్రోడంటరు."

"అంటారు. కానీ ఇక్కడ ఎవడు అంటున్నాడో నాకు తెలుసు."

ఇక వాడికి ఆ చోటు రావడం ఎంత అవసరమో నాకు అర్థమైంది. నాకు రాకపోయినా పర్వాలేదని కూడా అప్పుడే తేల్చుకున్నాను. అందులో త్యాగమేమీ లేదు. ఎలాగూ రాదు.

పెద్దమనిషి రైలు దిగిన మర్నాడే బంద్ పిలిచారు. మరుసటి రోజు ఆయన తిరుగు ప్రయాణం. వాయిదా వేయడానికి లేదు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర రింగురోడ్డు కోసం కొత్తగా పోసిన ర్యాంపు ఒకటి ఇంకా బండ్లకు తెరవలేదు. మా చుట్టుపక్కల కొండ అని చెప్పుకోదగ్గది అదే. సార్ పెద్దమనిషిని దిల్‌సుఖ్‌నగర్ లాడ్జి నుంచి స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. మేము నలుగురం ఎల్బీనగర్ నుంచి చక్రాల మీద వెంబడించాం. వనస్థలిపురం, హయత్‌నగర్, అన్నీ మూసిన షట్టర్లే. డిపో ముందు బస్సులు వరసగా నిద్రపోతున్నాయి. కాలిన టైర్ల దగ్గర స్కూటరు వంకర్లు తిరుగుతుంటే పెద్దమనిషి సార్ నడుమును స్తంభంలా కౌగిలించుకున్నాడు. కొండల్లో పుట్టిన మనిషి, లోయల అంచుల వెంట మంచు మీద జారినవాడు, మా విజయవాడ రోడ్డుకు భయపడ్డాడు.

ర్యాంపు అడుగున వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని దారి మూసేయడం. నిరసనల్లో ఇంతకంటే కడుపునిండా చేసేది నేను చూడలేదు. పెద్ద డేగిసాలో బగారన్నం ఉడుకుతోంది. గరిటె పట్టుకుని ఒక పెద్దమ్మ నిలబడింది. మైకు ఒకాయన చేతిలో ఉన్నా, అక్కడ నడుస్తున్నది ఈమె మాటేనని వాసన పట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏంది సారూ, పిలగాండ్లకు గిరికెలు కట్టి ఎటు తోలుకపోతున్నవ్?" అంది.

"మంచు మీద పందెమమ్మా. ఇయ్యాల సెలక్షన్."

"మంచు యాడున్నది?"

"లేదు. ఉన్నదనుకోవాలె."

ఆమె డేగిసాలో గరిటె ఒకసారి తిప్పింది. "మా రాష్ట్రం లెక్కనే అన్నట్టు. పోన్రి, పోయి ఉరకండ్రి. అన్నం అయినంక పిలుస్త."

ర్యాంపు మీద సార్ ముందురోజే ఇసుక బస్తాలు పేర్చి దిబ్బలు చేశాడు. పాత టైర్లతో మలుపులు పెట్టాడు. పైన సుద్దతో గీత గీశాడు. పెద్దమనిషి కండిషన్ ఒక్కటే చెప్పాడు, తన హిందీలో, వేలు చూపిస్తూ. గో అనకముందు చక్రం గీత దాటితే ఔట్. రెండో మాట లేదు. నలుగురం నిలబడ్డాం. మావాడు నా కుడి పక్కన.

"రెడీ," అన్నాడు పెద్దమనిషి. "అటెన్షన్."

ఆగాడు. స్విస్సాయన దేశంలో ఆగినట్టే, కొలిచినట్టు ఆగాడు.

కింద మైకాయన గొంతు సవరించుకుని "జై" అన్నాడు.

ర్యాంపు కింద ఉన్న జనమంతా "తెలంగాణ" అన్నారు.

ముగ్గురు గీత దాటారు. అందరికంటే ముందు మావాడు. అలాంటి స్టార్టు నేను స్విస్సాయన దగ్గర కూడా చూడలేదు, ఆగి ఆగి చూసిన వీడియోల్లో కూడా. మొదటి దిబ్బ మీద నుంచి ఎగిరిపోయాడు, రెండో మలుపులో టైరును ముట్టుకోకుండా తిరిగాడు. వెనక పెద్దమనిషి చేతిలో ఔట్ అని ఎర్ర జెండా ఊగుతోందని వాడికి కింద దాకా తెలియదు. నేను గీత మీదే ఉన్నాను, నోరు తెరుచుకుని. జనంతోపాటు "తెలంగాణ" అన్నది నేను కూడా. ఎప్పటిలాగే ఆ తృప్తిలో నిలబడిపోయాను.

"ముగ్గురూ ఔట్," అని పెద్దమనిషి నావైపు వేలు చూపించాడు. "ఇతనొక్కడే క్రమశిక్షణ ఉన్నవాడు."

నన్ను అలా అన్న మొదటి మనిషి ఆయనే. చివరి మనిషి కూడా.

కింద మావాడు హెల్మెట్ తీసి ర్యాంపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సార్ పెద్దమనిషికి సంగతి విడమరచి చెప్పాడు. ఈల నుంచి మొదలుపెట్టి అంతా. ఆయన తల అడ్డంగా ఊపాడు. రూలు రూలే అన్నాడు. ఈలోపు గరిటె పెద్దమ్మ పైకి ఎక్కి వచ్చింది. ఏమైందని నన్ను అడిగింది, నేను చెప్పాను. గబగబా కిందికి దిగి మావాడి ముందు నిలబడింది. నేనూ సార్ ఆమె వెనకే దిగాం.

"మేమంటెనే ఉరికినవా బిడ్డా?"

వాడు తల ఊపాడు.

"ఏ ఊరు మీది?"

"ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్."

"అసలు ఊరు?"

వాడు ఆమెకేసి చూశాడు, రోడ్డు మీదున్న అంతమందికేసి చూశాడు. "తెనాలి దగ్గరండి," అన్నాడు. ఆ "అండి" చాలు. పక్కనున్న వాళ్లు మాటలు ఆపేశారు. నేను చక్రాలు ఎటు తిప్పితే తొందరగా పారిపోవచ్చో చూసుకున్నాను. మా సార్ కూడా అదే చూసుకుంటున్నాడు.

"అయితేంది?" అంది పెద్దమ్మ అందరి వైపు తిరిగి. "తెలంగాణ అంటె అందరికన్న ముంగట ఉరికింది ఈడే గద. మీరంత కూసున్నరు." తర్వాత పైకి చూసి గరిటె ఊపింది. "ఓ సారూ. తప్పు పిలగాండ్లది కాదు, మాది. మల్ల ఉరికియ్."

"రూల్," అన్నాడు పెద్దమనిషి.

"మేం రాష్ట్రమియ్యమన్నప్పటి సంది మాగ్గూడ గదే చెప్తున్నరు," అంది ఆమె. "ముందుగాల దిగిరా. తిను. తిన్నంక మాట్లాడుదం."

ఆయనను రోడ్డు మీద విస్తరి ముందు కూర్చోబెట్టారు. వద్దన్నకొద్దీ వడ్డించారు. బగారన్నం, వంకాయ కూర, మళ్లీ బగారన్నం. సార్ ఆయన పక్కన కూర్చుని, రేపు స్టేషనుకు పోవాలంటే దారి ఇవ్వాల్సింది వీళ్లేనని మర్యాదగా గుర్తు చేశాడు. చెయ్యి కడుక్కున్నాక పెద్దమనిషి "ఇంకొక్కసారి" అన్నాడు.

పెద్దమ్మ జనం మధ్యలోకి పోయింది. "అందరు నోర్లు మూసుకోండ్రి. ఆ సారు గో అనెదాంక ఎవ్వరన్న జై అన్నరనుకో, అన్నం బంద్."

బంద్‌లో బంద్. ఆ ఉద్యమకాలంలో నేను నినాదాలు విన్నాను, ప్రసంగాలు విన్నాను, తుపాకీ పేలినట్టు పగిలే టైర్ల చప్పుడు విన్నాను. అంతమంది మనుషులు రోడ్డు మీద కూర్చుని ఒక కోస్తా పిల్లవాడి కోసం ఊపిరి బిగబట్టడం మాత్రం అదొక్కసారే విన్నాను. మైకాయన మైకును చంకలో దాచుకున్నాడు. డేగిసా అడుగున మెతుకులు చిటపటమంటున్నాయి.

"రెడీ. అటెన్షన్."

ఆగాడు. భోజనం చేసిన మనిషి, కాస్త ఎక్కువే ఆగాడు. చెవులను నేను ఎన్నడూ నమ్ముకోలేదు కాబట్టి ఆయన మీసం వైపే చూస్తున్నాను. మీసం కదిలింది. "గో" అని బయటికి వచ్చిందో లేదో, నేను కదిలాను.

మావాడు కదల్లేదు.

వాడు వింటున్నాడు. ఇన్నాళ్లూ ఏ మాట కోసం ఒళ్లంతా చెవి చేసుకున్నాడో దానికోసమే ఇంకా ఎదురు చూస్తున్నాడు. ఆ మాట అనేవాళ్లంతా వాడి మేలు కోరి మూతులు బిగించుకుని ఉన్నారు. వాడు తేరుకునేసరికి నేను మొదటి దిబ్బ దాటాను. ఆ తర్వాత వాడు వచ్చిన తీరు చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. హాస్టల్ కుర్రాళ్లిద్దరినీ దాటాడు. చివరి మలుపులో నా మోచేతికి వాడి మోచేయి తగిలింది. ఒక చక్రమంత తేడాతో నేను గెలిచాను. నా జీవితంలో గెలిచిన ఒకే ఒక్క పందెం, అదీ ఎవరూ చప్పట్లు కొట్టనిది.

పెద్దమ్మ మావాడి భుజం మీద చెయ్యి వేసింది. "అయ్యో బిడ్డా. మేం మూసుకున్నందుకే ఓడినవా?"

"లేదండి. కాలు జారింది," అన్నాడు వాడు.

ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తిన్నాం. వాడు రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ "ఇంట్లో ఏం చెప్పాలిరా?" అన్నాడు.

"ఈల సరిగ్గ ఊదలేదని చెప్పు."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

నేను మంచుకు బయల్దేరే ముందు ఎల్బీనగర్ చౌరస్తాలో కలిశాం. "నువ్వు తిరిగొచ్చేసరికి నేనుండను మామా," అన్నాడు. "బెజవాడేమన్న లండనా? ఈ రోడ్డే నేరుగ పోతది, మలుపు గూడ లేదు," అన్నాను. అని ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మా అమ్మ పోటీకి ముందు భయమనుకుంది.

మంచు గురించి రెండు ముక్కలు. మంచు మెత్తగా ఉంటుందని రాసినవాళ్లెవరూ దాని మీద పడి ఉండరు. నా ఛాతీ మీద ఆంధ్రప్రదేశ్ అని రాసి ఉంది. పక్క గేటులో నిలబడినవాడు "మీదే రాష్ట్రం?" అని అడిగితే "ప్రస్తుతానికి ఇదే" అన్నాను. గేటు పడింది. మొదటి దిబ్బ దాటాను. రెండో దిబ్బ మీద గాల్లోకి లేచాక, స్విస్సాయనలాగా నేనూ అక్కడే ఆగిపోతానేమో అనిపించింది. అక్కడ నెట్ స్లో కాదు. నా జాతీయ స్థాయి కెరీర్ మొత్తం, వీధి కుక్క రోడ్డు దాటేంతసేపు నడిచింది. మోకాలికి కట్టు కట్టిన డాక్టరు ఇక ఈ ఆట వద్దన్నాడు. ఆ చలికాలంలోనే స్విస్సాయన కూడా మోకాలు మాట వినడం లేదని చెప్పి మానుకున్నాడు. ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. పేపర్లో ఆయన సంగతే వేశారు. మా సార్ కొన్నాళ్లు గడ్డం గీసుకోలేదు. నాకోసం కాదని తర్వాత తెలిసింది.

తిరిగొచ్చాక ఒక పొద్దున్న చేతికర్ర పట్టుకుని టిఫిన్ సెంటరుకు పోయాను. మావాడి బెజవాడ అడ్రసు తీసుకుందామని. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. పెసరపిండి గిన్నె మోసుకుంటూ లోపల నుంచి మావాడే వచ్చాడు.

"ఏం మామా, బెజవాడ అంత జల్ది అయిపోయిందా?"

వాడు పెనం దగ్గరున్న వాళ్ల నాన్నను కళ్లతో చూపించి పక్క బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"కూర్చోవయ్యా, ఆ కాలు చాపుకుని," అన్నాడాయన. పెనం మీద నీళ్లు చిలకరించాడు. "పెట్టె సర్దుకున్నాడు. మా తమ్ముడికి ఫోను కూడా చేశా. బస్సు రాత్రికి. పోయేముందు, అసలు ఎలా ఓడావురా అని అడిగా. అన్నాళ్లూ ఈల అన్నవాడు అప్పుడు చెప్పాడు. ఏ మాటకి పరిగెత్తాడో, ఏ మాట లేక నిలబడిపోయాడో."

"మీరేమన్నరు అంకుల్?"

"నేను నమ్మలా. ఓడిపోయినవాడు నూటొక్కటి చెబుతాడు. ఆ మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు. ఒళ్లు తెలీని నిద్ర. పక్కన కూర్చుని, చెవి దగ్గర మెల్లిగా నేనే అన్నా."

"ఏమని?"

"ఏమనేముంది. అదే."

"పూర్తిగనా?"

"సగమంటే కదులుతాడా? మీ మాస్టారు నేర్పినట్టే, మధ్యలో ఆగి మరీ అన్నా." ఆయన నావైపు చూడలేదు. పిండి పోసి గుండ్రంగా తిప్పుతున్నాడు. "రెండు కాళ్లూ ఒక్కసారే ఎగిరాయి. దుప్పటి పోయి అవతల పడింది. వాడు మాత్రం లేవలేదు."

బల్ల తుడుస్తున్నవాడు తల ఇంకా కిందికి వంచాడు.

"ఈ కాళ్లేసుకుని బెజవాడ పోయి ఏం చేస్తాడయ్యా? పెట్టె విప్పెయ్యమన్నా," అన్నాడు వాళ్ల నాన్న. "నీకు ఉల్లిపాయ వెయ్యమంటావా, సాదాదా?"